అప్‌డేట్: నా తప్పు దిద్దిన పెద్దాయన సంగతి

పోయిన నెల అడిగాను కదా, కడపలో మా సంఘం యవ్వనస్థుల కూడికలో నేను వాక్యం చెప్తుంటే ఒక పెద్దాయన అందరి ముందే తప్పు పట్టారని, ఆ చర్చి మానేయాలా అని. మానలేదు.

క్రైస్తవులను హింసించిన సౌలు దమస్కు దారిలో యేసును నమ్మినప్పుడు, దేవుడు ఆయన పేరును పౌలుగా మార్చాడని చెప్పాను నేను. ఆయన "అట్లా ఎక్కడుంది నాయనా?" అన్నారు. ఇంటికొచ్చి కోపంతోనే వెతికాను, ఆయనదే తప్పని చూపిద్దామని. దొరకలేదు. సౌలు మారిన సంగతి బైబిల్లో అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో ఉంది. ఆ తర్వాత 13:2లో కూడా పరిశుద్ధాత్మ "సౌలు" అనే అంటాడు. 13:9లో "పౌలు అనబడిన సౌలు" అని ఉంది. అంటే రెండు పేర్లూ ఆయనవే.

శనివారం పొద్దున టెన్షన్ పడుతూనే వాళ్ళింటికి వెళ్ళాను. ముందు ఉగ్గాని, బజ్జీ పెట్టించారు. తర్వాత ఆయనే, "నేను కూడా పక్కకు పిలిచి చెప్పాల్సింది. అకుల, ప్రిస్కిల్ల అపొల్లోకు అట్లే కదా చెప్పింది" అన్నారు. అపొల్లో అనే బోధకుణ్ణి ఆ భార్యాభర్తలు పక్కకు పిలిచి సరిదిద్దిన సంగతి కూడా అదే పుస్తకంలో ఉంది. నాకు మాట రాలేదు.

అందరి ముందు అన్నది ఇప్పటికీ కొంచెం గుచ్చుకుంటుంది, అబద్ధమెందుకు. అయినా మొన్నటి కూడికలో నేనే లేచి తప్పు ఒప్పుకున్నాను. ఈసారి నోట్సు ముందే ఆయనకిచ్చాను. రెండు చోట్ల ఎర్ర పెన్నుతో గీశారు.