ప్రమాణం ఒకటే అయినా పరికరాలు ఎందుకు కలవడం లేదు?

ప్రశ్న: వేర్వేరు తయారీదారుల 400 గిగాబిట్ కోహెరెంట్ ఆప్టికల్ మాడ్యూళ్లు (విద్యుత్ సంకేతాన్ని కాంతిగా మార్చి ఫైబరులో పంపే, అందుకునే పరికరాలు), రెండూ ప్రమాణబద్ధమే అయినప్పటికీ, ఒకే ఫైబరుకు చెరో చివర అమర్చినప్పుడు లింకు ఏర్పడకపోవడానికి కారణమేమిటి?

జవాబు 1: ముందుగా దోష సవరణ పద్ధతిని, అంటే ఎఫ్‌ఈసీని పరిశీలించండి. 2020లో ఓఐఎఫ్ అనే పరిశ్రమ సంఘం ప్రచురించిన 400జెడ్‌ఆర్ ఒప్పందం (ఉమ్మడి సాంకేతిక ప్రమాణం) సీఎఫ్‌ఈసీ అనే ఎఫ్‌ఈసీ రీతిని నిర్దేశించగా, మరింత దూరాన్ని ఆశించిన ఓపెన్‌జెడ్‌ఆర్ ప్లస్ అనే మరో ప్రమాణం ఓఎఫ్‌ఈసీ అనే వేరే రీతిని ఎంచుకుంది. కాబట్టి రెండు చివరలా ఒకే రీతిని అమర్చనిదే అవతలి సంకేతాన్ని ఇవతలి మాడ్యూల్ విప్పలేదు. చాలా మాడ్యూళ్లలో రెండు రీతులూ ఉంటాయి.

జవాబు 2: నా దృష్టిలో అసలు చిక్కు ఐచ్ఛికాంశాలదే. ప్రమాణ సంఘాల్లో ఏకాభిప్రాయం కోసం ప్రతి పక్షం కోరిన అంశాన్నీ ఐచ్ఛికంగా చేర్చుకుంటూ పోతే, పత్రం ఆమోదం పొందుతుంది గానీ పరికరాలు కలవవు. (పేటెంట్ల ప్రయోజనాలూ ఇందులో లేకపోలేదు.) తప్పనిసరి అంశాలను కొద్దిగా, స్పష్టంగా ఉంచి, ఉమ్మడి పరీక్షల్లో తేలిన సందిగ్ధతలను తర్వాతి కూర్పులో సరిదిద్దడం మేలు.

ప్రశ్నించినవారు: ఒకవైపు ఓఎఫ్‌ఈసీ ఉన్నట్లు తేలింది. రెండింటినీ సీఎఫ్‌ఈసీకి మార్చగానే లింకు ఏర్పడింది.