బంగారు చెయిన్ వాచీ: అందమా, ఆర్భాటమా?

ఉద్దానం అల్లుడు:
నేను శ్రీకాకుళంలో ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి. మా మావయ్యగారు ముప్పై ఏళ్ళు దుబాయ్‌లో వర్క్‌షాపు నడిపి, మొన్న సంక్రాంతికి కవిటి తిరిగి వచ్చేశారు. వస్తూనే తన వాచీ విప్పి నా చేతికి పెట్టారు. రోలెక్స్ డే-డేట్. చెయిన్‌తో సహా అంతా బంగారమే. కాదనలేకపోయాను. సోమవారం బడికి పెట్టుకుని వెళితే ఎనిమిదో తరగతి పిల్లలు బోర్డు మీద లెక్క వదిలేసి నా మణికట్టు చూస్తూ కూర్చున్నారు. స్టాఫ్ రూములో ఒకరు "మాస్టారూ, పీఆర్సీ బకాయిలు మీ ఒక్కరికే పడ్డాయా?" అన్నారు. అప్పటినుంచి బీరువాలోనే ఉంది. పెట్టుకుంటే నాకు సిగ్గు, పెట్టుకోకపోతే ఆయనకు చిన్నతనం. ఇలాంటివి వాడినవాళ్ళు, ఇంట్లో చూసినవాళ్ళు చెప్పండి.

నాగావళి గట్టు:
ఆర్భాటమే, అనుమానం దేనికి? మొన్న మా వీధిలో పెళ్ళికి ఒక కాంట్రాక్టరు గారు వచ్చారు. అక్షింతలు వేయడానికి కూడా ఆయన ఎడమ చెయ్యే ముందుకు వచ్చింది. పురోహితుడు గుర్తు చేస్తే గానీ చెయ్యి మార్చలేదు. ఇక వాచీ టైము చూసుకోవడానికా, చూపించుకోవడానికా?

గంటస్తంభం నీడ:
మా నాన్నగారు విజయనగరంలో వాచీలు బాగు చేసేవారు. ఆ బల్ల పక్కనే పెరిగాను కాబట్టి చెబుతున్నాను. బంగారు చెయిన్‌కు ఎబ్బెట్టుతనం వచ్చేది రంగు వల్ల కాదు, వదులు వల్ల. చెయిన్ వదులైతే వాచీ గాజులా ముంజేతి మీదికీ కిందికీ జారుతుంది. మనిషి నిమిషానికోసారి చెయ్యి విదిలించి దాన్ని వెనక్కి నెడతాడు. చూసేవాళ్ళకు అది ప్రదర్శనలా కనిపిస్తుంది. కాంట్రాక్టరు గారి సంగతీ అదే అయి ఉండవచ్చు. పైగా అదే సైజు స్టీలు వాచీ కంటే బంగారు వాచీ బాగా బరువు. చేతికి సరిపోయేలా లింకులు తీయించకపోతే ఆ బరువే దాన్ని లాగేస్తుంది.

మాస్టారూ, ఒక పని చేయండి. డయలు పక్కకు చూసేలా వాచీని నిలువుగా, చెయిన్ అడ్డంగా గాలిలో ఉండేలా పట్టుకోండి. చెయిన్ వంగకుండా తిన్నగా నిలిస్తే బాగున్నట్టు. వాడిన తమలపాకులా వేలాడితే అరిగిపోయినట్టు. మన ఉక్కపోతలో చెమట, దుమ్ము లింకుల సందుల్లో చేరి ఆకురాయిలా పని చేస్తాయి. బంగారం మెత్తన, స్టీలులా తట్టుకోదు. వేలాడుతున్న చెయిన్‌ను ఎంత మెరుగు పెట్టినా పాతబట్టకు ఇస్త్రీ చేసినట్టే ఉంటుంది.

ఇంకో మాట. మీ డే-డేట్ మోడల్ 1956లో వచ్చింది. బంగారం, ప్లాటినంతోనే చేస్తారు. అర్ధచంద్రాకారపు లింకులు మూడు వరుసలుగా ఉన్న ఆ చెయిన్‌ను ప్రెసిడెంట్ అంటారు, అదీ దానితో పాటు పుట్టిందే. తోలు పట్టీ వేయించండి అని ఎవరైనా సలహా ఇస్తారేమో, మీ మావయ్యగారు మొదటి చూపులోనే పట్టేస్తారు.

పొందూరు నూలు:
ఒంటి నిండా బంగారం వేసుకుని పేరంటానికి వెళ్ళినా మమ్మల్ని ఎవరూ అందమా, ఆర్భాటమా అని అడగరు. మగవాళ్ళ మణికట్టు మీద నాలుగు తులాలు పడగానే ఇంత చర్చ!

నా అనుభవం వేరు. పెళ్ళిరోజుకు మా ఆయన బంగారు చెయిన్ ఉన్న స్విస్ వాచీ కొన్నారు. పక్కనే పుట్టింటివారు పెట్టిన గాజులు ఉన్నాయి. మా అత్తగారు నా చెయ్యి కిటికీ వెలుగులోకి తిప్పి చూసి, "ఇదేమిటమ్మా, గిల్టా?" అన్నారు. ఆవిడ తప్పేమీ లేదు. మన గాజులు 22 క్యారెట్లు, అంటే వందకు 91.6 పాళ్ళు బంగారం. ఆ వాచీలు 18 క్యారెట్లు, 75 పాళ్ళే. గాజుల పక్కన వాచీ వెలవెలబోయింది. ఇప్పుడు వాచీ ఉన్న చేతికి గాజులు వేసుకోను. తెల్లటి పొందూరు ఖద్దరు చీర మీద అది ఒక్కటే ఉంటే ఎంత ముచ్చటగా ఉంటుందో! పట్టుచీర మీద మాత్రం జరీతో పోట్లాడుతుంది.

జీడిపలుకు:
మాది పలాస. డబ్బు అవసరమై మా చిన్నాన్న ఇలాంటిదే తాకట్టుకు పట్టుకెళితే, "లోపలి యంత్రం ఎంతో, బంగారం ఎంతో విప్పకుండా ఎలా చెప్పను, కాసులపేరు ఉంటే పట్టుకురా" అన్నాడట కొట్టాయన. మనవాళ్ళకు బంగారమంటే ఆపదలో ఆదుకునేది. పది గ్రాములు లక్ష దాటిన రోజుల్లో తాకట్టుకు పనికిరాని బంగారాన్ని చేతికి చుట్టుకు తిరగడం నాకైతే మింగుడుపడదు. నడిమి లింకులు బంగారం, పక్కవి స్టీలు ఉండే రకం మేలేమో?

నాగావళి గట్టు:
సగం సగం ఇంకా ఘోరం. డబ్బు మధ్యలో అయిపోయినట్టు ఉంటుంది. 1972లో ఆడెమార్ పిగే కంపెనీ రాయల్ ఓక్ అనే స్టీలు వాచీ తెచ్చి, ఆనాటి బంగారు వాచీలు చాలావాటి కంటే ఎక్కువ ధర పెట్టింది. చెయిన్ పనితనం చూసే కొన్నారు, లోహాన్ని చూసి కాదు.

గంటస్తంభం నీడ:
తరువాత అదే వాచీని బంగారంతోనూ చేశారండీ, అదీ అమ్ముడుపోయింది. నిజంగా బాగుండనిది పూత చెయిన్. వాడగా వాడగా అంచుల దగ్గర తెల్లబడుతుంది, బంగారం పేరూ పోతుంది, స్టీలు పరువూ పోతుంది. ఇంకో సంగతి, పైడితల్లి సిరిమానోత్సవం రోజున మాత్రం ఎంత మంచి చెయిన్ అయినా ఇంట్లో పెట్టి వెళ్ళండి. ఆ జనంలో మీ చెయ్యి మీ ఒంటికే ఉందో లేదో తెలియదు.

ఉద్దానం అల్లుడు:
అందరికీ ధన్యవాదాలు. చెయిన్ వంగకుండా తిన్నగానే నిలిచింది. విశాఖ తీసుకెళ్ళి రెండు లింకులు తీయించాను. ఇప్పుడు మణికట్టు ఎముక దాటి కదలడం లేదు, పొడుగు చేతుల చొక్కా కింద సగం దాక్కుంటోంది. బడికి పాత టైటానే. దీన్ని ఆదివారం అరసవల్లికి పెట్టుకుని వెళ్ళాను. క్యూలో ఎవరూ చూడలేదు. నిజం చెప్పాలంటే కొంచెం వెలితిగా కూడా అనిపించింది!

సాయంత్రం కవిటిలో మావయ్యగారు నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తీసిన ముక్కలు ఎక్కడున్నాయని అడిగారు. మీ అమ్మాయి కుంకుమ భరిణెలో దాచిందన్నాను. "జాగ్రత్త బాబూ, మా ఇంటి భోజనం ఇంకో రెండేళ్ళు చేస్తే మళ్ళీ వేయించుకోవాలి" అన్నారు.