తొమ్మిది వారాల ప్లాన్ అయిపోయింది. ఇప్పుడు పెంచాల్సింది స్పీడా, దూరమా?

ప్రశ్న: కౌచ్ టు 5కె (అసలు పరిగెత్తనివాళ్లను 5 కి.మీ. పరుగు దాకా తెచ్చే ప్లాన్) పూర్తయింది. ఆగకుండా 30 నిమిషాలు పరిగెత్తగలుగుతున్నాను, కానీ వచ్చేది 3.8 కిలోమీటర్లే. మొదటి కిలోమీటరు 7 నిమిషాల్లో అవుతుంది, చివరిదానికి 8:40 పడుతుంది, బాగా రొప్పు వస్తుంది. వారానికి మూడు రోజులు. ఉండేది విజయవాడ. నవంబరు రెండో వారంలో 10కె పరిగెత్తాలని ఉంది. ఆగస్టు మొదలైంది కదా, సరిపోతుందా?

జవాబు 1: ప్లాన్ పేరులో 5కె చూసి చాలామంది కంగారుపడతారండి. 30 నిమిషాల్లో 5 కి.మీ. రావాలంటే కిలోమీటరు 6 నిమిషాల్లో కొట్టాలి. కొత్తగా మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువమందికి అది రాదు, రాకపోతే తప్పూ కాదు. ముందు సరిచేయాల్సింది మీ మొదటి కిలోమీటరు. 7 కాదు, 8:30లో మొదలుపెట్టండి. పక్కన ఎవరైనా ఉంటే వాళ్లతో ఒక పూర్తి వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా చెప్పగలగాలి. రెండు మాటలకే ఆగిపోతుంటే ఇంకా తగ్గించండి. చివరి కిలోమీటరు మొదటిదానికంటే కాస్త త్వరగా అయ్యిందంటే ఆ రోజు పరుగు బాగా కుదిరినట్టే.

తర్వాత మూడు రోజుల్లో ఒక్క రోజే పెంచండి. ఆదివారం పరుగు వారం వారం ఇలా: 35, 40, 45, మళ్లీ 35. ఆ తర్వాత 50, 55, 60, మళ్లీ 45. చివరికి 65, 70, 75 నిమిషాలు. మొత్తం పదకొండు వారాలు. మిగతా రెండు రోజులూ 30 దగ్గరే ఉంచండి. రెండో వారానికే 40 నిమిషాల్లో 5 కి.మీ. దగ్గరకు వస్తారు. నవంబరుకి హాయిగా సరిపోతుంది.

జవాబు 2: స్పీడు గురించి ఒక మాట. మధ్య రోజుల్లో ఒకటి ఎంచుకుని, నెమ్మది పరుగు అయ్యాక 20 సెకన్లు గట్టిగా పరిగెత్తి, నిమిషంన్నర నడవండి. నాలుగుసార్లు చాలు, నెల తర్వాత ఆరు. కుక్క వెంటపడినట్టు కాదు, దానికి ఒక మెట్టు కింద. భుజాలు బిగుసుకుపోతే శ్రుతి మించినట్టే. 3 నిమిషాల చొప్పున నాలుగు వేగం పరుగులు, మధ్యలో 2 నిమిషాలు నెమ్మది, ఈ వ్యవహారం ఆరు వారాలు అయ్యేదాకా వద్దు. ఊపిరి కొన్ని వారాల్లోనే అలవాటు పడుతుంది. మడమ వెనక స్నాయువు (కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ), కాలి ఎముక గట్టిపడడానికి నెలలు పడుతుంది. చాలా దెబ్బలు ఈ రెండింటి మధ్య సమయంలోనే తగులుతాయి.

మోకాలి కింద ఎముక లోపలి అంచు పొడుగునా సలుపుతుంటే వారం పాటు పరుగు తగ్గించి చూడండి. వేలితో నొక్కితే ఒకే చోట సూదిలా గుచ్చుతుంటే మాత్రం పరుగు ఆపి ఎముకల డాక్టరుకు చూపించండి.

ప్రశ్న: థాంక్సండీ. నెమ్మదిగా పరిగెత్తినా వాచీలో గుండె వేగం 172 చూపిస్తోంది. ప్రమాదమా?

జవాబు 3: మీ అడుగులు నిమిషానికి ఎన్ని పడుతున్నాయో కూడా చూడండి. అవీ 170 దగ్గరే ఉంటే వాచీ నాడిని వదిలేసి అడుగులు లెక్కపెడుతున్నట్టు. మణికట్టు మీద పెట్టుకునే వాటిల్లో ఇది మామూలే. పట్టీ బిగించి, మణికట్టు ఎముకకు రెండు వేళ్లు పైకి జరపండి. అనుమానముంటే ఆగిన వెంటనే మెడ దగ్గర నాడి 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. నిజంగానే ఎక్కువుండి, ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం లాంటివి కూడా ఉంటే డాక్టరును కలిశాకే మళ్లీ పరుగు.

పైగా ఆగస్టులో విజయవాడ ఉక్క సంగతి తెలిసిందే. చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, గుండె ఎక్కువ కొట్టుకుంటుంది. కిలోమీటరుకు అర నిమిషం ఎక్కువ పట్టినా పట్టించుకోకండి, తెల్లారి 5:30కే బయల్దేరండి. 45 నిమిషాలు దాటే రోజుల్లో ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్లు వెంట ఉంచుకోండి. ఇడ్లీ తింటే రెండు గంటల గ్యాప్ ఇవ్వాలి, అరటిపండైతే అరగంట చాలు.

జవాబు 2: ఇంకోటి, రోడ్డు అంచున పరిగెత్తకండి. వాననీళ్లు పోవడానికి అంచులు వాలుగా వేస్తారు, రోజూ ఒకే పక్కన పోతే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. తుంటి, మోకాలి బయటివైపు నొప్పులు కొన్ని ఇక్కడే మొదలవుతాయి. కాలేజీ గ్రౌండు దొరికితే అక్కడికే వెళ్లండి, రెండు మూడు రౌండ్లకోసారి దిశ మార్చండి.