ఆర్నెల్లల్ల మూడుసార్లు మీటర్ కేబుల్ తెగింది, అసలు రోగం యాడుంది?

ఉప్పల్_స్కూటర్:
అన్నలూ జర సాయం చేయుండ్రి. మా నాయిన గేర్ల స్కూటర్, 1998ది, ఇప్పుడు నేనే ఉప్పల్ నుంచి సికింద్రాబాద్ దాకా రోజూ నడుపుతున్న. మీటర్ కేబుల్, అదే ముందు చక్రం నుంచి స్పీడు మీటర్‌కు పోయి ముల్లును తిప్పే తీగ, ఊకె తెగుతుంది. తెగే ముందు రెండు మూడు దినాలు ముల్లు వణుకుతది, కిచకిచ చప్పుడొస్తది, ఆనక సున్నా మీద పండుకుంటది. మెకానిక్ ప్రతిసారి కొత్తది ఏసి పంపుతడు. మొన్న రాణిగంజ్ పోయి మంచి కేబులే తెచ్చిన, నలభై దినాలు ఆగలె. మీటర్ లేకున్నా బండి నడుస్తది గదా అంటరు గానీ, నాయిన పెట్రోల్ పోయించినప్పుడల్లా రీడింగ్ బుక్కుల రాసేటోడు, అది ఆగొద్దని నాకు.

పాతబండి_కూకట్‌పల్లి:
తెగిన కేబుల్ దాచావా తమ్ముడూ? ఎక్కడ తెగిందో చూడు, సగం జవాబు అక్కడే ఉంటుంది. పైన మీటర్ దగ్గర తెగితే మీటర్ బిగుసుకున్నట్టు, మధ్యలో అయితే కేబుల్ ఎక్కడో గట్టిగా వంగినట్టు, కింద అయితే చక్రం హబ్‌లో, అంటే చక్రం నడిమి భాగంలో, కేబుల్‌ని తిప్పే గేరు చూడాలి.

ఉప్పల్_స్కూటర్:
ఆఖరుది ఉందన్నా. మీటర్ నుంచి బెత్తెడు కింద, పురి విప్పుకున్నట్టు తెగింది.

పాతబండి_కూకట్‌పల్లి:
అయితే మీటరే. లోపల అయస్కాంతం తిరుగుతుంది, దాని చుట్టూ ఉన్న అల్యూమినియం గిన్నెని తగలకుండానే లాగుతుంది, ఆ గిన్నెకే ముల్లు. కాబట్టి దాన్ని తిప్పడానికి పెద్ద బలం అక్కర్లేదు, కేబుల్ కూడా బరువు మోయడానికి చేసింది కాదు. ఇరుసు దగ్గర పాత నూనె ఎండి జిగురైపోతే మాత్రం కింద చక్రం తిప్పుతూనే ఉంటుంది, పైన కదలదు, పురి మెలిపడి పుటుక్కుమంటుంది. పాత కేబుల్ ముక్క చదరపు కొస మీటర్‌లో పెట్టి వేళ్ళతో తిప్పు, తేలిగ్గా తిరగాలి. తిరగకపోతే ఇరుసు మొదట్లో కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క వెయ్, ఎక్కువైతే గిన్నె దాకా పాకి ముల్లు తప్పు చూపిస్తుంది. గ్రీజు కూడా కేబుల్ కింది మూడింట రెండొంతులకే పల్చగా రాయి, పైదాకా రాస్తే ఆ పురే మర లాగా తిరిగి గ్రీజుని మీటర్‌లోకి ఎక్కిస్తుంది, నేను ఒక మీటర్ అట్లాగే పోగొట్టుకున్నా.

మలక్‌పేట్_రైడర్:
అన్న చెప్పింది కరెక్టే, గానీ హబ్ కూడ ఇప్పి చూడు భయ్యా, వానలకు రోడ్ల మీద మోకాలు లోతు నీళ్ళల్ల పోతం, లోపలి గ్రీజు కడుక్కపోతది. హ్యాండిల్ రెండు దిక్కులు పూర్తిగ తిప్పి కేబుల్ యాడన్న గుంజుకుంటుందేమో చూడు.

ఉప్పల్_స్కూటర్:
ఏళ్ళతోని తిప్పితే అస్సలు తిరగలేదన్నా! చుక్క నూనె ఏసి రాత్రంత ఉంచిన, పొద్దుగాల తిరిగింది. హ్యాండిల్ లోపల మెకానిక్ ప్లాస్టిక్ ట్యాగ్ ఏసి కేబుల్‌ను బిగగట్టిండు, అదీ కోసేసిన. ఇయ్యాల్టికి పన్నెండు దినాలు, ముల్లు వణకలె. తెగినన్ని దినాల కిలోమీటర్లు మాత్రం లెక్కల లేవు, బుక్కుల ఆ జాగ ఖాళీగనే ఇడిసిపెట్టిన.