మంగలి కత్తి వదిలి సేఫ్టీ రేజర్‌కు మారాలంటే ఏది కొనాలి?

ప్రశ్న (విజయనగరం):
పన్నెండేళ్లుగా తాతగారి మంగలి కత్తితోనే గడ్డం గీసుకుంటున్నాను. ఇప్పుడు పొద్దున్నే శ్రీకాకుళం రోడ్డుకు రైలు అందుకోవాల్సి రావడంతో, కత్తిని తోలుపట్టా మీద ఆడించే తీరిక చిక్కడం లేదు. రెండు అంచుల బ్లేడు పట్టే రేజర్లలో, కత్తికి అలవాటుపడిన చేతికి ఏది నప్పుతుందో అనుభవజ్ఞులు దయచేసి చెప్పగలరు.

జవాబు (ఆమదాలవలస):
మెర్కూర్ 34సీ తీసుకోండి. కత్తి పట్టినప్పుడు చర్మాన్ని బిగలాగడం, వెంట్రుకల వాలు చూడడం మీకు వచ్చే ఉంటుంది, మానుకోవలసిందల్లా ఒత్తిడి. రేజర్ తలను చెంపకు ఆనించి, బ్లేడు వెంట్రుకను అందుకునేదాకా పిడిని మెల్లగా దించండి. బ్లేడు చర్మానికి సుమారు 30 డిగ్రీల వాలులో ఉన్నప్పుడు సన్నని గరగర వినిపిస్తుంది, ఆ చప్పుడే గుర్తు. ఆపైన రేజర్ బరువే పని చేస్తుంది.

జవాబు (రాజాం):
పై సలహాతో పూర్తిగా ఏకీభవించలేనండి. కత్తి నునుపు మరిగినవారికి 34సీ మరీ మెతకగా, అంటే బ్లేడు చర్మానికి తగిలీ తగలనట్టుగా అనిపించవచ్చు. అయితే ముల్లే ఆర్41 అనే రేజర్ మాత్రం మొదటే వద్దు, అందులో బ్లేడు బాగా బయటికి ఉంటుంది. తొందరలో గీసుకుంటే గవద కింద తెగడం ఖాయం.

జవాబు (విజయనగరం):
ఇద్దరికీ కృతజ్ఞతలు. 34సీతోనే మొదలుపెడతాను.