మాన్‌స్టర్ రాంచర్ 2: నా జీవులు నాలుగేళ్లు నిండకుండానే చచ్చిపోతున్నాయి, తప్పెక్కడ?

హన్మకొండ_వార్డెన్:

ముందే చెప్తున్నా, గేమ్‌ల విషయంలో నేను ఎల్‌కేజీ. ఇంటర్ పిల్లల హాస్టల్‌లో వార్డెన్‌ని. రాత్రి పదకొండుకి స్టడీ అవర్ అయ్యాక అందరూ మంచాలెక్కారో లేదో చూసి, తలలు లెక్కపెట్టుకుని నా గదికి వచ్చేసరికి పదకొండున్నర. అక్కణ్నుంచి ఒంటిగంట దాకా టైమ్ నాది. పాత ల్యాప్‌టాప్, సౌండ్ సున్నా. సంక్రాంతి సెలవులకి వచ్చిన మా మేనల్లుడు స్టీమ్‌లో ‘మాన్‌స్టర్ రాంచర్ 1 & 2 డీఎక్స్’ కొనిచ్చి పోయాడు. "మామా, నీకిది బాగా సెట్ అయితది. పిల్లల్ని పెంచుడే కదా నీ పని" అన్నాడు.

నేను రెండో భాగం ఆడుతున్నా. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: మనకో పశువుల కొట్టం లాంటి రాంచ్ ఉంటుంది. అందులో ఒక వింత జీవి. నెలకోసారి తిండి ఏం పెట్టాలో మనం చెప్పాలి, వారానికో ట్రైనింగ్ ఇవ్వాలి (దాన్నే డ్రిల్ అంటారు, తేలికది లైట్, కష్టమైనది హెవీ), మధ్యమధ్యలో టోర్నమెంట్‌కి తీసుకెళ్లాలి. అన్నిటికన్నా కింద ఉండే ‘E’ గ్రేడ్ నుంచి మొదలుపెట్టి డీ, సీ, బీ, ఏ అనుకుంటూ ఎస్ దాకా ఎక్కాలి. కోల్ట్ అని ఒక అమ్మాయి మనకి అసిస్టెంట్. నా కోరికంతా డ్రాగన్‌ని పెంచాలని. కానీ డ్రాగన్ సంగతి దేవుడెరుగు, మామూలువే చేతిలో నిలవట్లేదు.

మొదటిది టైగర్. పేరుకే పులి, చూడ్డానికి కొమ్ములున్న నీలం తోడేలు. 3 ఏళ్ల 9 నెలలకి పోయింది. రెండోది హేర్, పిడికిళ్లు బిగించుకుని బాక్సర్‌లా నిలబడే కుందేలు. 3 ఏళ్ల 5 నెలలు. మూడోది సూయెజో. ఒకటే కన్ను, ఒకటే కాలు, ఇంత పొడుగు నాలుక. దీనికి గుండు అని పేరు పెట్టుకున్నా. ఇది మొన్న రాత్రే పోయింది, 3 ఏళ్ల 11 నెలలకి. బీ గ్రేడ్ టోర్నమెంట్ ఇంక రెండు వారాలుందనగా డామినో డ్రిల్‌కి పంపా. అది లైట్ డ్రిల్లే, రాతి పలకని తోసి పడేయాలి, అంతే. అదివరకు నిద్రలో కూడా చేసేది. ఆ రోజు తోస్తే పలక ఊగింది గానీ పడలేదు. నేను తిట్టా, అంటే తిట్టే ఆప్షన్ ఉంటుంది కదా, అది నొక్కా. ఆ తర్వాతి వారం లేదు.

నా టైమ్‌టేబుల్ ఇది. టైమ్‌టేబుళ్లు వేయడం నాకు వృత్తి, అందులో తప్పుండదనే అనుకుంటున్నా. నెలలో నాలుగు వారాలు. మొదటి మూడు వారాలు హెవీ డ్రిల్. నాలుగో వారం టోర్నమెంట్ ఉంటే టోర్నమెంట్, లేకపోతే లైట్ డ్రిల్. తిండి బంగాళాదుంప, అన్నిట్లోకి చవక. కోల్ట్ ప్రతి వారం ఏదో చెప్తుంది, అది మాత్రం గబగబా నొక్కి దాటేస్తా. ఒకటిన్నర గంటలో ఎంత పని అవుతుందండీ?

జాతి మార్చాలా? షాపులో ఏదైనా కొనడం మర్చిపోతున్నానా?

—

పీచ్_పండు:

అన్నా, మీ టైమ్‌టేబుల్ మొత్తం చదివాను. ఆదివారం ఏది?

జాతి తప్పేం కాదు. మీరు వాటి ఆయుష్షు తినేస్తున్నారు. ఈ గేమ్‌లో ప్రతి జీవికీ ఇన్ని వారాలు బతుకుతుందని ఒక లెక్క ఉంటుంది. ఏడాదికి 48 వారాలు కాబట్టి 300 వారాల ఆయుష్షు ఉన్న జీవి ఆరేళ్లు దాటాలి. మామూలుగా వారానికి ఒక వారమే తగ్గాలి. కానీ లోపల ఇంకో రెండు అంకెలుంటాయి, ఒకటి అలసట, ఇంకోటి ఒత్తిడి. అలసటకి ఒత్తిడిని రెండింతలు చేసి కలపండి. 70 దాటిందా, ఆ వారం గడవగానే ఒకటి బదులు రెండు వారాలు పోతాయి. 105 దాటితే మూడు. ఇంకా పైకి పోతే ఇంకా ఎక్కువ. అంకెలు తెర మీద ఎక్కడా కనపడవు. ఆడేవాళ్లు ఏళ్ల తరబడి తవ్వి బయటపెట్టిన లెక్కలివి.

మీరు దాటేస్తున్న కోల్ట్ మాటలున్నాయే, అదే మీ థర్మామీటర్. బాగుంది అంటే బాగుంది. అలిసింది అంటే అప్పటికే లేట్. చాలా అలిసింది అని మీ గుండు గురించి ఎన్నిసార్లు చెప్పిందో పాపం.

ఏం చేయాలంటే, షాపులో నట్స్ ఆయిల్, మింట్ లీఫ్ అని రెండుంటాయి. ఆయిల్ అలసటకి, మింట్ ఒత్తిడికి. బంగాళాదుంప మీద మిగిల్చిన డబ్బు వీటి మీద పెట్టండి. రెండు హెవీల తర్వాత ఒక వారం పూర్తిగా రెస్ట్. నేనైతే ఒత్తిడికే ఎక్కువ భయపడతా, లెక్కలో రెండింతలు పడేది అదే కాబట్టి.

ఇంకోటి. పుట్టగానే హెవీ డ్రిల్‌కి తోయకండి. చిన్నతనంలో ఎంత తోమినా ఒంటికి పెద్దగా పట్టదు. నడివయసులో ఒక దశ వస్తుంది, అప్పుడు అదే డ్రిల్‌కి పాయింట్లు దండిగా పడతాయి. కొన్ని తొందరగా ఎదుగుతాయి, కొన్ని ఆలస్యంగా. ఆలస్యంగా ఎదిగేదాన్ని మొదటి ఏడాదే పిండేస్తే, దాని టైమ్ వచ్చేసరికి ఒంట్లో ఏమీ మిగలదు.

గోల్డెన్ పీచ్ దొరికితే దాచుకోండి, 50 వారాలు పెరుగుతుంది. సిల్వర్ పీచ్‌కి 25. ఒక్కో జీవికి ఒక్కోసారే పనిచేస్తాయి. నా పేరు అందుకే అలా పెట్టుకున్నా.

—

బ్రీడర్_బాబు_విజయవాడ:

ఇంత పాత బొమ్మలతో ఎందుకు గురూ తిప్పలు? డ్రాగన్ కావాలంటే డ్రాగన్ సిటీ ఆడండి. రెండు డ్రాగన్లని బ్రీడింగ్ మౌంటెన్ మీద పెడితే గుడ్డు వస్తుంది, తీసుకెళ్లి హ్యాచరీలో పెట్టడమే. ఫోన్‌లోనే అయిపోతుంది. నా దగ్గర వంద దాటాయి. ఒక్కటీ చావలేదు.

—

మస్కట్_కుర్రాడు:

బాబు గారూ, అక్కడ చావు లేదు నిజమే, దాని బదులు వెయిటింగ్ ఉంది. ఒక్కో గుడ్డుకి గంటల తరబడి కూర్చోవాలి, లేకపోతే జెమ్స్ పోయాలి. ఆడాను లెండి. మూడో వారం వచ్చేసరికి ఏ డ్రాగన్ పేరు ఏంటో నాకే గుర్తు లేదు.

వార్డెన్ గారూ, మీ పోస్ట్ చూసి పాతవన్నీ గుర్తొచ్చాయి. మేము మస్కట్‌లో ఉండేవాళ్లం. నాన్న అక్కడ కంపెనీలో స్టోర్ కీపర్. ఈ రెండో భాగం 1999లో వచ్చింది. నా చేతికి ఆ తర్వాతి ఏడాది చిక్కింది, ప్లేస్టేషన్‌తో సహా సెకండ్ హ్యాండ్. అప్పట్లో జీవి ఎలా పుట్టేదో తెలుసా? గేమ్ మధ్యలో ‘డిస్క్ తీసి వేరే సీడీ ఏదైనా పెట్టు’ అని అడిగేది. ఇంట్లో ఏ సీడీ ఉంటే అది. సీడీలో ఎన్ని ట్రాకులున్నాయి, ఎంతెంత పొడుగున్నాయి అన్న పట్టీ చూసి దాన్నిబట్టి ఒక జీవిని ఇచ్చేది. అదే సీడీ మళ్లీ పెడితే మళ్లీ అదే జీవి.

మా ఇంట్లో ఉన్నవి మూడే సీడీలు. నాన్న ఊరినుంచి తెచ్చుకున్న అన్నమాచార్య కీర్తనల సీడీ పెట్టా. మూత మూశా. డ్రైవ్ కాసేపు గిర్రున తిరిగింది. తెల్లటి పొగ, వెలుగు, అందులోంచి ఒంటికన్నేసుకుని, నాలుక వేలాడేసుకుని సూయెజో! మీ గుండే. అమ్మ వచ్చి చూసి "వెంకన్న పాటల్లోంచి ఇది వచ్చిందా, రాత" అంది. సరదా అక్కడితో ఆగుంటే బాగుండేది. ఆ హడావిడిలో సీడీని తిరగేసి కార్పెట్ మీద పడేశా, మా చెల్లి తొక్కింది. నాలుగో కీర్తనలో పల్లవి తర్వాత ఇప్పటికీ ఆగి ఆగి వస్తుంది. నాన్న ఒక్క మాట అనలేదు. అది వచ్చినప్పుడల్లా నావైపు చూస్తారు, అంతే.

అసలు సంగతికొస్తే, ఆ సూయెజో ఆరేళ్లు దాటి బతికింది. నాకేదో లెక్కలు తెలిసి కాదు. శుక్రవారం ఒక్కరోజే ఆడనిచ్చేవారు, దాన్ని కష్టపెట్టడానికి మనసొప్పేది కాదు. అలిసిందంటే రెస్ట్, అలవక ముందు కూడా రెస్ట్. గెలిచింది మాత్రం పెద్దగా ఏమీ లేదు. డీ గ్రేడ్‌లోనే ముసలిదైపోయింది.

—

హన్మకొండ_వార్డెన్:

పీచ్ తమ్ముడూ, ఆదివారం మా దగ్గర వీక్లీ టెస్ట్ ఉంటది. 😀

నవ్వుతున్నా గానీ నీ మాట రాత్రంతా బుర్రలో తిరిగింది. గుండుని తిట్టా చూడు, అది గుర్తొస్తే ఏదోలా ఉంది. బొమ్మే కదా అంటారు మీరు.

బాబు గారూ, చావు లేని ఆట నాకొద్దండి. చావు ఉండబట్టే అర్ధరాత్రి లేచి కూర్చుని ఇక్కడ అడుగుతున్నా.

మస్కట్ అన్నా, డీ గ్రేడ్‌లో ఆరేళ్లు, బీ గ్రేడ్‌లో నాలుగేళ్లు. రెండిట్లో ఏది నయమో నువ్వే చెప్పు. నాకు ఆరేళ్లూ కావాలి, బీ గ్రేడూ కావాలి. మళ్లీ టైగర్‌ని తీసుకున్నా. కోల్ట్ చెప్పేది ఈసారి పూర్తిగా చదువుతా.

ఒక డౌట్. డ్రిల్‌లో ఎగ్గొట్టి మోసం చేస్తే తిట్టాలా, వదిలేయాలా?

—

పీచ్_పండు:

మోసం చేస్తే తిట్టండి, అందులో తప్పు లేదు. ప్రయత్నించి ఓడిపోతే మాత్రం తిట్టకండి, గుండు విషయంలో మీరు చేసింది ఇదే. గేమ్ లోపల భయం ఒక లెక్క, గారాబం ఒక లెక్క. రెండూ కలిస్తేనే విధేయత. భయం ఒక్కటే పెంచినా కుదరదు, గారాబం ఒక్కటే పెంచినా కుదరదు. విధేయత లేని జీవి బరిలో మీరు ఒకటి చెప్తే ఇంకోటి చేస్తుంది, లేదా దిక్కులు చూస్తూ నిలబడుతుంది.

—

హన్మకొండ_వార్డెన్ (పన్నెండు రోజుల తర్వాత):

అప్‌డేట్. టైగర్‌కి ఇవాళ్టికి 5 ఏళ్ల 2 నెలలు. నిన్న రాత్రి బీ గ్రేడ్ గెలిచింది. సౌండ్ లేకపోయినా కుర్చీలోంచి లేచా.

మొదటి ఏడాది దాదాపు ఏమీ చేయించలేదు. లైట్ డ్రిల్, రెస్ట్, లైట్ డ్రిల్, రెస్ట్. చాలా కష్టమనిపించింది, చేతులు కట్టేసినట్టు. ఖాళీ వారం కనపడితే అందులో ఏదో ఒకటి కుక్కాలనిపించడం నాకు రోగంలా పట్టింది. రెండో ఏడాది మధ్య నుంచి హెవీకి వెళ్లా, అప్పుడు చూడాలి, పాయింట్లు ధనధన పడ్డాయి. రెండు హెవీ, ఒక రెస్ట్, అలిసింది అంటే ఆయిల్. మింట్ మొదట్లో దండగనుకున్నా, ఇప్పుడు అది లేనిదే నెల మొదలుపెట్టట్లేదు.

సంబంధం లేని విషయం ఒకటి. నిన్న స్టడీ అవర్‌లో పద్నాలుగో నంబర్ గదిలో ఒకడు ఫిజిక్స్ పుస్తకం మీద తల వాల్చి నిద్రపోతున్నాడు. రూల్ ప్రకారం లేపాలి. లైట్ తీసేసి వచ్చా. మా పైవాళ్లు ఎవరూ ఇది చదవరనే ధైర్యంతో రాస్తున్నా.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇంక దీని దగ్గర పెద్దగా టైమ్ లేదని తెలుస్తోంది. డ్రిల్‌కి పంపితే పెరగాల్సినంత పెరగట్లేదు. చివరిదాకా ఉంచుకోవాలా, గేమ్‌లో ఉన్న ల్యాబ్‌లో ఫ్రీజ్ చేయాలా, అంటే చావకముందే గడ్డకట్టించి దాచేయాలా?

—

పీచ్_పండు:

ఫ్రీజ్ చేసేయండి అన్నా, ఇవాళే. చచ్చిపోతే మళ్లీ వాడుకోలేరు. ఫ్రీజ్ చేస్తే ఇంకోదాన్ని పెంచి, దాన్నీ ఫ్రీజ్ చేసి, ల్యాబ్‌లో రెండిటినీ కలిపి పిల్లని పుట్టించొచ్చు. తల్లిదండ్రుల బలాల వరుస ఒకేలా ఉంటే పిల్లకి బాగా వస్తాయి. అంటే మీ టైగర్‌కి ఏది ఎక్కువ, ఏది తక్కువ అని ఒక కాగితం మీద వరుసగా రాసుకుని, రెండోదాన్ని కూడా అదే వరుసలో పెంచండి.

మీ డ్రాగన్‌కి దారి కూడా ఇదే ల్యాబ్. డ్రాగన్ టస్క్ అని ఒక కోర దొరకాలి, కలిపేటప్పుడు అది వాడాలి. తొందరేం లేదు.

—

హన్మకొండ_వార్డెన్:

చేసేశా. 5 ఏళ్ల 3 నెలల దగ్గర ఆగింది. ఫ్రీజ్ చేసే ముందు ఒక నెల బంగాళాదుంప మానేసి మాంసం పెట్టా, దానికి లాభం ఏమైనా ఉందో లేదో తెలీదు.

ఇప్పుడు రెండోది కావాలి. డీఎక్స్‌లో నిజం సీడీ పెట్టే పని లేదు కదా, లిస్ట్‌లో సీడీ పేరు వెతికితే చాలు. ఇందాకట్నుంచి వెతుకుతున్నా, అన్నీ నేను వినని ఇంగ్లీషు, జపాన్ పాటలే. మస్కట్ అన్నా, మీ నాన్నగారి సీడీ మీద లేబుల్ పేరు, పాటల లెక్క ఏముందో ఒకసారి చూసి చెప్తావా? దొరక్కపోయినా పర్లేదు, వెతికి చూస్తా. దొరికితే మాత్రం దానికి గుండు అనే పేరు పెడతా.

—

మస్కట్_కుర్రాడు:

సీడీ నాన్న దగ్గరే ఉంది, తెనాలిలో. ఆదివారం ఫోన్ చేసి అడుగుతా. ఎందుకని అడిగితే ఏం చెప్పాలో ఆలోచిస్తున్నా.