హెచ్‌టీబీలో (లినక్స్‌లో నెట్‌వర్క్ వేగాన్ని వాటాలుగా పంచే పద్ధతి) లిమిట్ పెట్టినా ఆగట్లేదు, నెలాఖరు డేటా వాడకం లెక్క కూడా కలవట్లేదు

ప్రశ్న: ఒకే సర్వర్ మీద క్లయింట్ల కోసం 6 కంటైనర్లు (విడివిడిగా నడిచే చిన్న సిస్టమ్‌లు) నడుపుతున్నానండి, ఒక్కోదానికి సొంత ఐపీ ఉంది. నెట్‌వర్క్ కార్డు 1 గిగాబిట్, బయటికి వెళ్లే లైన్ మాత్రం 100 మెగాబిట్లే. టీసీతో (వేగాన్ని అదుపు చేసే లినక్స్ కమాండ్) కంటైనర్‌కో క్లాస్, అంటే వేగంలో ఒక వాటా, పెట్టి రేట్ (గ్యారంటీ వేగం) 15ఎంబీపీఎస్, సీల్ (గరిష్ఠ వేగం) 20ఎంబీపీఎస్ ఇచ్చాను. అయినా ఒక్కడు పెద్ద ఫైల్ పంపితే లైన్ మొత్తం వాడే తినేస్తున్నాడు. దానికి తోడు రాత్రి లోపలి నెట్‌వర్క్‌లోకి వెళ్లే బ్యాకప్ కూడా క్లయింట్ల వాడకంలోనే పడిపోతోంది. క్లయింట్ ఇంత బిల్లు ఎలా అయిందని అడిగితే చూపించడానికి నా దగ్గర ఏమీ లేదు, చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: యూనిట్ చూడండి ముందు. టీసీకి ఎంబీపీఎస్ అంటే సెకనుకి మెగాబైట్లు, అంటే మీ 20 కాస్తా 160 మెగాబిట్లు! ఎంబిట్ అని రాయండి. నేనూ దీని దగ్గరే ఒక రోజంతా పోగొట్టుకున్నా.

జవాబు: పైన చెప్పింది కరెక్టే, కానీ బ్యాకప్ సంగతి దాంతో తీరదు. రూట్ (అన్నిటికీ పైనుండే క్యూ) కింద రెండు పెద్ద క్లాసులు పెట్టండి, బయటి ట్రాఫిక్‌కి 95 ఎంబిట్, లోపలి నెట్‌వర్క్‌కి 800. పై స్థాయి క్లాసులు ఒకదాని నుంచి ఒకటి మిగిలిన వేగాన్ని అప్పు తీసుకోలేవు కాబట్టి బ్యాకప్ ఎంత నడిచినా బయటి వాటా కదలదు. 100 కాకుండా 95 ఎందుకంటే క్యూ మన దగ్గరే నిలవాలి, అవతలి రౌటర్‌లో నిలిచిందంటే ఎవరి ప్యాకెట్ ముందు వెళ్లాలో మన చేతిలో ఉండదు. లోపలి అడ్రసులు పట్టే ఫిల్టర్‌కి (ప్యాకెట్ ఏ క్లాస్‌లోకి వెళ్లాలో చెప్పే నియమం) ప్రయారిటీ నంబర్ చిన్నది ఇవ్వండి, అదే ముందు చూస్తుంది. డిఫాల్ట్ క్లాస్ కూడా మర్చిపోవద్దు, అది లేకపోతే ఏ ఫిల్టర్‌కీ దొరకనిదంతా లిమిట్ లేకుండా వెళ్లిపోతుంది.

ఇక బిల్లు లెక్క మాత్రం క్లాస్ కౌంటర్ల మీద పెట్టుకోకండి, దయచేసి. అవి బయటికి పోయేదే లెక్కేస్తాయి, వచ్చేది కనిపించదు, పైగా స్క్రిప్ట్ మళ్లీ నడిపి క్యూ తీసేసి పెట్టారంటే సున్నాకి వచ్చేస్తాయి. ఎన్‌ఎఫ్‌టేబుల్స్‌లో (లినక్స్ ఫైర్‌వాల్) కంటైనర్‌కి రెండు కౌంటర్లు, రానూ పోనూ, పెట్టి గంటకోసారి చదివి ఫైల్‌లో రాసుకోండి.

ప్రశ్న వేసినవారు: ఎంబిట్‌కి మార్చగానే 5 కంటైనర్లు దారికొచ్చాయి. ఆరోది మాత్రం డిఫాల్ట్ క్లాస్‌లో పడి పరిగెడుతోంది, సెంట్ బైట్లు (పంపిన డేటా లెక్క) కళ్లముందే పెరుగుతున్నాయి.

జవాబు: దానికి ఐపీవీ6 (కొత్త రకం ఐపీ అడ్రస్) ఉందా? మీ ఫిల్టర్‌లో ప్రోటోకాల్ ఐపీ అని ఉంటే అది ఐపీవీ4నే పడుతుంది.

ప్రశ్న వేసినవారు: అదేనండి! దానికొక్కదానికే ఐపీవీ6 ఇచ్చాను. ఇంకో ఫిల్టర్ రాశా, ఇప్పుడు 20 దగ్గర నిలబడింది. కౌంటర్ల పని ఈ రాత్రి బ్యాకప్ మొదలయ్యేలోపు చేస్తాను.